మీసం వచ్చేదాకా

మా ఇంటి కింద ఒకప్పుడు నాయన అంగడి ఉండేది. ఇప్పుడు అక్కడ బ్యూటీ పార్లర్ నడుస్తోంది. ఏడాది పొడుగునా ఆడవాళ్ళు వచ్చిపోయే ఆ గుమ్మం ముందు, తిరుపతి గంగజాతర వారంలో మాత్రం మగవాళ్ళు వరుస కడతారు. బ్యాంకు ఉద్యోగులు, ఆటో తోలేవాళ్ళు, కాలేజీ పిల్లకాయలు, అందరూ అక్క చీరో పెళ్ళాం చీరో కవర్లో పెట్టుకుని తెచ్చుకుంటారు. "జాతర వేషాలకు మేకప్ వేసి చీర కట్టబడును" అని పార్లరమ్మాయి ఫ్లెక్సీ కూడా కట్టించింది.

మొన్న పొద్దున నేను మిద్దె మీద మజ్జిగ మిరపకాయలు ఎండబెడుతుంటే కింద మాటలు వినబడ్డాయి. ఒకాయన మీసం దువ్వుకుంటూ అడుగుతున్నాడు.

"మీసం తీసేయల్లనా పాపా?"

"ఎందుకన్నా? ఉండనీ. దాని కిందనే లిప్‌స్టిక్ ఏస్తా. రీల్‌లో అదే బాగుంటాది."

వరుసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మీసం మీద నవ్వడానికి ఈ వీధిలో నాకున్నంత కారణం ఇంకెవరికీ లేదు. ఏడవడానికి కూడా. మిరపకాయలు అట్లాగే వదిలేసి పిట్టగోడ మీద కూర్చున్నాను. ఒకసారి కూర్చుంటే లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోవని తెలిసీ కూర్చున్నాను.

నాయన అంగట్లో అమ్మింది పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి, చందనం, నామంకొమ్ములు. జాతర దగ్గరికొస్తే బస్తాల మూతులు విప్పి పెట్టేవాళ్ళు. ఆ వాసన మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి, అన్నంలోనూ మంచినీళ్ళలోనూ చేరేది. మా అమ్మ చేసిన చింతపండు పులుసు కూడా ఆ వారమంతా కర్పూరం తిన్నట్టే ఉండేది. నాయనకు అది తెలిసేది కాదు. ఆయనకు ఏడాదంతా అంతే కాబట్టి.

జాతర గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ వారంలో రోజుకొక వేషం. ఒకరోజు నామంకొమ్ము అరగదీసి ఒళ్ళంతా తెల్లగా పూసుకుంటారు. ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు, ఒకరోజు చందనం. ఆ తర్వాత మాతంగి వేషం. ఆ రోజు మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని గుడికి పోతారు. వేషం కట్టినవాడు వీధిలో ఎవరిని పడితే వాళ్ళను బూతులు తిట్టొచ్చు. తిట్టించుకున్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. అమ్మవారికి ఆ తిట్లే స్తోత్రాలు. మా చిన్నాయన మామూలు రోజుల్లో నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఆ వారంలో ఆయన నోరు విప్పితే మా అవ్వ చెవులు మూసుకునేది, వేళ్ళ సందులోంచి వింటూ.

అందుకే పెద్దమనిషైన ఆడపిల్లను ఆ వారం గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. ఈ కథ జరిగిన ఏడాదికి ముందే నేను పెద్దమనిషినయ్యాను. లంగా మీద ఓణీ వచ్చింది. ఓణీతోబాటు వద్దుల జాబితా కూడా వచ్చింది. వీధి అరుగు మీద కూర్చోవద్దు, గట్టిగా నవ్వవద్దు, అంగట్లోకి రావద్దు. పక్కింటి వాడితో మాట్లాడవద్దు.

ఆ పక్కింటి వాడి కథే ఇది.

వాళ్ళది ఐరాల పక్క పల్లె. చెరుకు తోటలు, బెల్లం వండే కొట్టం, అన్నీ ఉన్నాయి. ఒక్కగానొక్క కొడుకును పట్నంలో చదివించాలని మా పక్కిల్లు బాడుగకు తీసుకున్నారు. వాళ్ళ నాయన వారానికొకసారి పల్లె నుంచి బెల్లం దిమ్మెలతో వచ్చేవాడు. ఆయనకు పెద్ద మీసం. ఏ మాట చెప్పినా దాన్ని ఒకసారి తిప్పి గానీ చెప్పేవాడు కాదు. "ఆ మీసం లేకుంటే ఆయప్పకు మాటే రాదేమో" అనేది మా అవ్వ.

మా మిద్దెకూ వాళ్ళ మిద్దెకూ నడుమ మోకాలెత్తు పిట్టగోడ. దాని మీద కూర్చునే మేమిద్దరం ఎక్కాలు నేర్చుకున్నాం, బొరుగులూ చెనక్కాయలూ తిన్నాం, కొట్టుకున్నాం. పచ్చి మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం నేను తెచ్చేదాన్ని, కాయలు వాడు తెచ్చేవాడు. ఎవరి తోటలోవి అని నేను ఎప్పుడూ అడగలేదు.

వాడు పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసిందట. కళ్ళు కూడా మూసుకుపోయి, ఇక దక్కడనుకున్నప్పుడు వాళ్ళమ్మ గంగమ్మకు మొక్కుకుంది. "తల్లీ, వీణ్ణి నాకియ్యి. మీసం వచ్చేదాకా ప్రతి జాతరకూ నీ ఆడబిడ్డ మాదిరి తయారుచేసి నీ గుడికి తెస్తా." బిడ్డ బతికాడు. అప్పటినుంచి ప్రతి ఏటా మాతంగి రోజున వాడికి లంగా కట్టి, జడ పెట్టి, పూలు చుట్టి తీసుకుపోయేది. ఆమెకు ఆడపిల్లలు లేరు కాబట్టి బట్టలు మా ఇంటినుంచి పోవాలి. చిన్నప్పుడు నా పట్టు పావడాలు పోయేవి. నాకు ఓణీ వచ్చాక నా వంకాయ రంగు ఓణీ పోయింది.

"నీ బట్టలు వాడికి ఎంత బాగ నప్పతాయో సూడు పాపా" అని వాళ్ళమ్మ నాతోనే మురిసిపోయేది. అది నిజం కూడా. నేను కట్టుకుంటే ఆ ఓణీ దండెం మీద వేసినట్టు ఉండేది. వాడు కట్టుకుంటే మాత్రం ముత్తైదువలు పిలిచి మరీ తాంబూలం ఇచ్చేవాళ్ళు. ఒక ఏడు వాళ్ళమ్మ స్టూడియోకు తీసుకుపోయి ఫోటో కూడా తీయించింది. ఆ ఫోటోలో వాడు నా ఓణీ కొంగు వేలికి చుట్టుకుని, కెమెరా వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తున్నాడు.

నాకు మండేది. నా ఓణీ ఊరంతా తిరిగేది, అంబలి తాగేది, రంగులరాట్నం ఎక్కేది, అమ్మవారిని చూసేది. నేను మాత్రం మిద్దె మీద. సాయంత్రం మడిచి తెచ్చి ఇచ్చినప్పుడు దాని కొంగు వాసన చూసేదాన్ని. చెమట, వేపాకు, రాగి అంబలి, ఎవరిదో బీడీ పొగ. అదే నాకు జాతర.

ఆ ఏడు వేసవిలో వాడు మిద్దె మీదికి వచ్చి, చుట్టూ చూసి, "మీ అవ్వ ముల్లు దీసే పట్టకారు ఉండాదే, అది ఇస్తావా మే" అన్నాడు.

"ఎందుకు? ముల్లు గుచ్చుకున్నిందా?"

పైపెదవి చూపించాడు. ఎండకు పెట్టి చూస్తే తప్ప కనబడని నూగు. నేను పడీపడీ నవ్వాను. "మీసం వస్తా ఉండాది రా! మీ నాయనకు సెప్పినావా? బెల్లం పంచతాడు."

వాడు నవ్వలేదు. పట్టకారు తీసుకుని నా చేతి అద్దంలో చూసుకుంటూ ఒక్కొక్కటే పీకాడు. పీకిన ప్రతిసారీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నొప్పికనే అనుకున్నాను. తర్వాత రోజుల్లో అది అలవాటైంది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసేవేళ వాడు పిట్టగోడ దగ్గరికి రావడం, నేను అద్దం పట్టుకోవడం.

అయినా వాళ్ళమ్మ కళ్ళబడనే పడింది. పెదవి మీద ఎర్రటి మచ్చలు చూసి చెమటకాయలనుకుని చందనం రాయబోయి, వేలికి గరుకుగా తగిలితే అరిచి అందరినీ పిలిచిందట. నాయన పల్లె నుంచి వచ్చి కొడుకు భుజం తట్టాడు. "ఈ జాతరతో మొక్కు తీరిపాయ. కడసారి ఏసం కట్టించి, పొట్టేలును కోసి, తలనీలాలిచ్చి సెల్లు జేస్తాం" అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. వాడు ఆ రోజు అన్నం తినలేదని వాళ్ళమ్మ మా అమ్మకు చెప్పింది. వయసు పిల్లలకు అట్లాగే ఉంటుందని మా అమ్మ సర్దిచెప్పింది.

మాతంగి రోజుకు ముందు పిట్టగోడ మీద కూర్చుని వాడు అన్నాడు, "ఇదే కడసారి. నువ్వు గూడా వచ్చెయ్ మే."

"నన్ను ఎవురు పంపిస్తారు రా, పిచ్చోడా."

"నిన్ను ఎందుకు పంపిస్తారు? మగపిల్లోణ్ణి పంపిస్తారు గదా. మీసం గీస్తా. ఓణీలో ఉండే మగపిల్లోడివి అయిపోతావు."

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. వీధి నిండా మీసాలున్నవాళ్ళు చీరల్లో తిరిగే రోజు అది. ఆడపిల్లనైన నేను నా లంగా ఓణీలోనే, ముఖానికి ఇంత చందనం మెత్తి, పెదవి మీద కాటుకతో ఇంత మీసం గీసుకుంటే, వేషం కట్టిన కుర్రవాణ్ణి కాదని ఎవడంటాడు? ఇంత తెలివి మా ఇంట్లో వ్యాపారం చేసే మగవాళ్ళకు కూడా లేదు.

మాతంగి రోజు పొద్దున మా అమ్మా, వాళ్ళమ్మా పొంగలి పెట్టడానికి ముందే గుడికి పోయారు. నాయన, చిన్నాయన అంగట్లో ఊపిరాడకుండా ఉన్నారు. వాడు అప్పటికే నా వంకాయ రంగు ఓణీలో తయారై గోడ దాటి వచ్చాడు. నేను పాత ఆకుపచ్చ ఓణీ కట్టుకున్నాను. కాటుక భరిణెలో వేలు ముంచి నా మూతి మీద మీసం గీశాడు. వెనక్కి జరిగి చూసి, కొన కొంచెం పైకి తిప్పాడు, అచ్చం వాళ్ళ నాయన మాదిరి. మెట్లు దిగుతుంటే అవ్వ ఎదురైంది. వాడు నా వెనక్కి నక్కాడు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎడం పక్క మీసం వంకరగా ఉండాది. సరిజేసుకోని పో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె కూడా ఆ ఇంటికి చిన్నపిల్లగా వచ్చిన మనిషే. జాతర ఎన్నేళ్ళు వేళ్ళ సందులోంచి విన్నదో.

వీధిలో పడ్డాక నేను గోడవారనే నడిచాను. వాడు నా చెవిలో, "ఆడపిల్ల మాదిరి నడవద్దు మే. ఆడపిల్ల మాదిరి నడిచే మగపిల్లోడి మాదిరి నడువు" అన్నాడు. నాకు చేతకాలేదు. నడుము ఎక్కువ తిప్పాను, పడబోయాను, ఎవరో ఈల వేశారు. వాడు మాత్రం ఏమీ చేయకుండా నడుస్తున్నాడు. ఓణీ కొంగు జారితే చూడకుండానే సర్దుకుంటున్నాడు. ఎదురుగా జనం వస్తే భుజాలు దగ్గరికి తీసుకుంటున్నాడు. అది నాకు మా అమ్మ తిట్టి తిట్టి నేర్పిన విద్య. వాడికి ఎవరూ నేర్పలేదు.

ఆ పూట ఎంత తిరిగామని! పందిళ్ళ కింద రాగి అంబలి పోస్తున్నారు. చల్లటి అంబలిలో మజ్జిగ, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు. చెంబుతో తాగితే మీసం పోతుందని ఆకు దొన్నెలో జాగ్రత్తగా తాగాను. తాటిముంజలు తిన్నాం. నన్నారి షర్బత్తు తాగాం. డప్పులు కొట్టేచోట ఎగిరాం. ఒక లావుపాటి ఆయన ఎర్రచీరలో అడ్డమొచ్చి నన్ను ఒక బూతు తిట్టాడు. నేను ఊరుకోలేదు. చిన్నాయన దగ్గర విన్న మాటల్లో అన్నింటికన్నా మురికిది ఏరి, గొంతు చించుకుని ఆయన మొఖాన కొట్టాను. ఆయన రెండు చేతులెత్తి నాకు దండం పెట్టాడు. నా పుట్టుక మొత్తంలో ఒక మగవాడు నా నోటికి దండం పెట్టింది ఆ ఒక్కసారే.

గుడి వెనక పక్క, వేపమండల గుట్ట దగ్గర నీడలో కూర్చున్నాం. నేను ఆయాసపడుతూ, "ఏసం కట్టుకోని తిరగడం ఇంత బాగుంటాదని తెల్దు రా" అన్నాను.

వాడు కొంగు వేలికి చుట్టుకున్నాడు. "నీకు ఇది ఏసం మే. నాకు కాదు. ఏడాది పొడుగునా కట్టేదే నాకు ఏసం. ఈ పొద్దే దాన్ని ఇప్పేది."

అప్పుడు అర్థమైంది, పట్టకారు పట్టుకున్నప్పుడు వచ్చిన నీళ్ళు నొప్పివి కావని. ఆ వయసులో మాకు దానికి పేరు తెలియదు. తిట్లలో వినిన పేర్లు తెలుసు. వాటిని వాడి మీద పెట్టబుద్ధి కాలేదు. "రేపటేడు కూడా నా ఓణీ ఇస్తాలే" అన్నాను. "రేపటేడు ఇయ్యాల్సిన పని లేదు" అన్నాడు.

వైశాఖ మాసపు ఎండ. చందనం పగుళ్ళిచ్చి, చెమటకు కాటుక కరిగింది. నా మీసం గడ్డం మీదికి కారుతోంది. వాడు నవ్వి, తన కొంగు తీసి నా మూతి తుడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే చిన్నాయన కర్పూరం బుట్ట నెత్తిన పెట్టుకుని గుడి వెనక దారిలో వచ్చాడు.

చిన్నాయన నా చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. వాడు పారిపోవచ్చు, పారిపోలేదు, మా వెనకే వచ్చాడు. అంగడి వెనక సరుకు గదిలో, కుంకుమ బస్తాల నడుమ, వాళ్ళమ్మానాయనలను కూడా పిలిపించి పంచాయితీ పెట్టారు. వాడు అప్పటికీ నా ఓణీలోనే ఉన్నాడు. నా మూతి మీద ఇంకా సగం మీసం ఉంది.

"ఊరంతా సూస్తా ఉండగా ఇద్దురూ సేతులు పట్టుకోని తిరగతా ఉండారు! ఈడు దాని మూతి తుడస్తా ఉండాడు, కొంగుతో!" అని చిన్నాయన బస్తా మీద గుద్దాడు.

మా నాయన నా వైపు చూడలేదు. "సదువు సాలు. ఎండలు తగ్గినాక, ఆవణి నెలలో ముహూర్తం పెట్టిస్తా. మామ ఉండనే ఉండాడు" అన్నాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. నేను టీచర్ని కావాలనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకపోయినా పిట్టగోడకు తెలుసు.

వాళ్ళ నాయన మాత్రం కోపంగా లేడు. ఆయన వేలు మీసం మీదికి పోయింది. "తప్పే. కాదనను. మగపిల్లోడు, ఈడొచ్చినాది" అన్నాడు. ఆ గొంతులో గర్వం దాచినా దాగలేదు. కొడుకు గురించి ఎన్నాళ్ళుగానో ఏదో భయపడుతున్న మనిషికి ఆ రోజు ఊరట దొరికింది.

వాడు ఒక్క ముక్క ఒప్పుకుని ఉంటే చాలు. నాలుగు దెబ్బలు కొట్టి, పల్లెకు తీసుకుపోయి, మగవాణ్ణి కన్నానని మీసం తిప్పుకునేవాడు నాయన. వాడికి బతుకు సుఖంగానే నడిచేది. కానీ వాడు నా వైపు చూశాడు.

"మామా, దాన్ని సదువు మానిపించొద్దు" అన్నాడు మా నాయనతో. "దానికీ నాకూ అట్లాంటిది ఏమీ లేదు. ఉండేదానికి గూడా లేదు. నేనూ దాని మాదిరి ఆడపిల్లనే. పైకి కాదు, లోపల. అమ్మకు తెలుసు."

వాళ్ళ నాయన చెయ్యి మీసం మీదినుంచి కిందికి జారింది. "నాకేం తెలుసురా! నాకేం తెలుసు!" అని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. "నిజం నాయనా, వాడు సెప్పేది నిజం" అని నేను అరిచాను. "నువ్వు లోపలికి పో" అన్నారు ముగ్గురు మగవాళ్ళూ ఒకేసారి. వాడు ఏడుస్తున్నాడు. "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగోణ్ణీ నమ్మకూడదు" అన్నాడు చిన్నాయన. "వాడు మగోడు కాదని వాడే సెప్తా ఉండాడు గదరా, ఇంకేం నమ్మేది" అంది అవ్వ గుమ్మం దగ్గరినుంచి. ఆమెను కూడా లోపలికే పంపించారు.

వాళ్ళమ్మ ఆలోచన వేరే దారిలో పోయింది. కొడుకు మీసం పీకేస్తున్నాడని ఆ పూటే ఆమెకు తెలిసింది, పట్టకారు సంగతి బయటపడి. మొక్కు ఏమని? మీసం వచ్చేదాకా. అమ్మవారు మాట నిలబెట్టుకుని మీసం ఇచ్చింది. వీడు దాన్ని పీకి అమ్మను మోసం చేశాడు. అందుకే తల్లి కోపగించి వీణ్ణి ఆడరూపంలోనే పట్టేసింది. ఆమె అదే మాట మా అమ్మకు చెప్పి చెప్పి ఏడ్చింది. మా అమ్మ నమ్మింది. వీధంతా నమ్మింది. పసి ప్రాణానికి మొక్కిన తల్లికి ఇంకోలా అర్థమయ్యే దారి లేదు. నాకు ఆమె మీద కోపం వస్తుంది, కానీ నిలవదు.

వెంటనే ఊరు దాటించేవాళ్ళే. కానీ జాతర చాటింపు వేశాక, అది ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటిపోయి బయట నిద్ర చేయకూడదు. ఆ కట్టుబాటు మాకు ఒక్క మధ్యాహ్నం మిగిల్చింది. పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే వాడు మిద్దె మీదికి వచ్చాడు. చొక్కా వేసుకుని ఉన్నాడు. మేం గోడకు చెరో పక్క కింద కూర్చున్నాం, కనబడకుండా.

"యాడికంట?"

"తడకు. మా మామ దగ్గిరికి. పులికాట్ ఒడ్డున రొయ్యల యాపారం ఉండాది గదా."

"మళ్ళెప్పుడొస్తావు?"

"మీసం వచ్చినాక."

తర్వాత, "ఓణీ ఇచ్చేయనా మే?" అన్నాడు. "ఉంచుకో" అన్నాను. "అమ్మ సెంప మట్టి తెస్తాదంట. తాగితే పోతాదేమో" అన్నాడు. వాడు కూడా నమ్మాలనే చూస్తున్నాడు. అది నాకు అన్నింటికన్నా కష్టంగా తోచింది.

జాతర చివర గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి పెద్ద రూపానికి చెంప నరుకుతారు. ఆ మట్టి ఒక పిసరు దొరికితే ఎట్లాంటి రోగమైనా పోతుందని జనం ఎగబడతారు. వాళ్ళమ్మ ఆ తొక్కిసలాటలో పడి, మోచేతులు చీరుకుపోయి, జాకెట్టు చిరిగి, గుప్పిట్లో ఇంత మట్టి తెచ్చింది. నీళ్ళలో కలిపి ఇస్తే వాడు మొత్తం తాగాడు. అడుగున మిగిలిన మట్టిని వేలితో తీసి వాడి పైపెదవికి రాసింది. ఆ మట్టి పెదవితోనే వాడు నాయన వెనక బస్సెక్కడానికి నడిచిపోయాడు.

వాడు అంత చెప్పీ నా చదువు నిలబడలేదు. ఆవణిలోనే నా మెడలో తాళి పడింది. మామ అల్లుడై మా అంగట్లోనే కూర్చున్నాడు, కాబట్టి నేను ఈ మిద్దె కూడా మారలేదు. చెడ్డవాడు కాదు. ఉన్నన్నాళ్ళూ జాతర వారంలో, "నువ్వు కిందికి రావద్దు, రకరకాల జనం" అని చెప్పి మరీ వెళ్ళేవాడు.

పెళ్ళికి వాడు వచ్చాడు. మీసం వచ్చింది. వాళ్ళమ్మ చేత్తో పట్టి చూపించింది నాకు, "సూడు పాపా, అమ్మ సల్లగా సూసింది" అని. ఆమె అటు తిరిగినప్పుడు వాడు ముందుకు వంగి, "ఆ పొద్దు నీకు గీసిందే బాగుండె మే. నాది సూడు, ఎంత అసింగంగా ఉండాదో" అన్నాడు. పెళ్ళికూతుర్ని కాబట్టి నేను తలొంచుకునే నవ్వాను. వాడితో నాకు మిగిలిన చివరి మాట అది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, పులికాట్‌లో పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయిన వాడు తిరిగి రాలేదని కబురొచ్చింది. మద్రాసులో చీరలో చూశామని ఒకరన్నారు. సరస్సులో మునిగి చనిపోయాడని ఒకరన్నారు. వాళ్ళ నాయన పోలీసులకు ఫోటో ఇచ్చాడు. మీసం ఉన్న ఫోటో. ఊరూరా ఆ ఫోటో చూపించి, ఈ మీసమున్న కుర్రవాణ్ణి చూశారా అని అడిగాడు. స్టూడియోలో నా ఓణీలో తీసిన ఫోటో వాళ్ళమ్మ పెట్టె అడుగున ఉంది. అది కూడా చూపించమని నేను ఒకసారి చెప్పాను. ఆయన పల్లెకు పోయి మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు.

వాళ్ళమ్మ మాత్రం ప్రతి జాతరకూ వచ్చేది. మా మిద్దె మీద, ఈ పిట్టగోడ దగ్గరే కూర్చుని, కింద పోయే చీరలన్నీ చూసేది. ఎవరైనా కొంగు వేలికి చుట్టుకుంటే లేచి నిలబడేది. నేను మజ్జిగ ఇస్తే తాగేది కాదు. చివరిసారి వచ్చినప్పుడు చూపు సరిగా ఆనక, "వంకాయ రంగు కనిపిస్తే సెప్పు పాపా" అంది. ఇంకొంచెం సేపటికి, "మళ్ళా మొక్కుకున్నా. మీసం లేకపోయినా పర్లేదు, గాజులేసుకోని వచ్చినా పర్లేదు, నా బిడ్డను నాకు సూపించు తల్లీ అని" అంది. గంగమ్మ ఆ మొక్కు వినలేదు. మొదటిది అంత బాగా విన్న తల్లి, రెండోది వినలేదు. మరుసటి జాతరకు ఆమె కూడా లేదు.

ఇప్పుడు చూసే పని నాదే. అంగట్లో కుంకుమ వాసన పోయింది, ఏవో స్ప్రేల వాసన పైకొస్తోంది. కింద ఇందాకటి ఆయన మేకప్ వేయించుకుని, మీసంతోనే చీరలో ఫోటోలు దిగుతున్నాడు. రేపు చీర విప్పి ఉద్యోగానికి పోతాడు. పోనీ పాపం. వంకాయ రంగు కట్టినవాళ్ళు ఇంతసేపటికి ఇద్దరు పోయారు. ఇద్దరూ వయసు పిల్లలు. వాడు ఉంటే నా ఈడువాడు. ఆ ఓణీ ఎప్పుడో పీలికలై ఉంటుంది. ఇవన్నీ తెలిసీ చూస్తాను.

మిరపకాయలు ఎత్తుకుని ఇంట్లోకి వచ్చి ముఖం కడుక్కున్నాను. అద్దంలో చూస్తే పైపెదవి మీద తెల్లటి వెంట్రుకలు, వెలుతురుకు మెరుస్తూ. ఈ వయసులో ఆడవాళ్ళకు వస్తాయంట. పార్లరమ్మాయి ఒకసారి తీసేస్తానంది, నేనే వద్దన్నాను. ఇప్పుడు ఈ ఇంట్లో నన్ను కిందికి పోవద్దనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. గీసుకోవాల్సిన పని కూడా లేకుండా నాకు మీసం వచ్చింది. కింద డప్పులు మోగుతూనే ఉన్నాయి. నేను మెట్ల దాకా పోయి, తోడు ఎవరూ లేక, తిరిగి వచ్చి తలుపు వేసుకున్నాను.